బ్యాక్‌ఫైర్: శబ్దం ముందు నుంచా, సైలెన్సర్ నుంచా?

ఇంజన్ ‘ఢాం’ అని పేలిందంటూ నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ప్లగ్గులు మార్పించేసి ఉంటారు. కొందరైతే ఇంజెక్టర్లు కూడా క్లీన్ చేయించుకుని వస్తారు. నేను బానెట్ ఎత్తకముందే రెండు ప్రశ్నలు అడుగుతాను. శబ్దం ముందు నుంచి వచ్చిందా, సైలెన్సర్ నుంచి వచ్చిందా? వచ్చినప్పుడు మీరేం చేస్తున్నారు: స్టార్ట్ చేస్తున్నారా, ఆక్సిలరేటర్ తొక్కుతున్నారా, కాలు తీసేశారా? వీటికి సరైన జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. అందుకే శబ్దం వినగానే కంగారుపడకుండా ఈ రెండూ గుర్తుపెట్టుకోండి అని అందరికీ చెబుతుంటాను.

పెట్రోల్ మండాల్సింది సిలిండర్ లోపల, వాల్వులన్నీ మూసి ఉన్నప్పుడు. ఆ మంట సిలిండర్ దాటి బయట అంటుకుంటే దాన్నే బ్యాక్‌ఫైర్ అంటున్నాం. ఇన్‌టేక్ వైపు, అంటే గాలి లోపలికి వచ్చే వైపు అంటుకుంటే శబ్దం ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోంచి వస్తుంది. ఎగ్జాస్ట్ వైపు, అంటే పొగ బయటికి పోయే వైపు అంటుకుంటే వెనక సైలెన్సర్‌లోంచి. పేరు ఒకటే గానీ, కారణాలు చాలావరకు వేరు.

ముందు నుంచి వస్తే నాకు మొదట వచ్చే అనుమానం, ఇంజన్‌కి గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువ అందుతోందని. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి పాలు అంతకంటే బాగా పెరిగితే మంట నెమ్మదిస్తుంది. ఇంజన్‌కి అంత తీరిక ఎక్కడుంది? 3000 ఆర్‌పీఎం (నిమిషానికి 3000 చుట్లు) మీద ఒక్కో స్ట్రోక్‌కి, అంటే పిస్టన్ ఒకసారి పైకో కిందికో కదలడానికి దొరికేది సెకనులో వందో వంతు. నెమ్మదిగా మండుతున్న మిశ్రమం ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివరిదాకా ఇంకా మండుతూనే ఉంటే, ఈలోగా ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుంటుంది. మిగిలిన మంట తాజాగా వస్తున్న పెట్రోల్, గాలికి అంటుకుని వెనక్కి తన్నుతుంది. పాత కార్బ్యురేటర్ బండ్లలో చల్లటి ఇంజన్‌ని చౌక్ (గాలి తగ్గించే మూత) లేకుండా తొక్కితే ‘టప్ టప్’ మనడానికి కారణం ఇదే.

ఇంజెక్షన్ బండ్లలో పెట్రోల్ తగ్గిపోవడానికి ఫ్యూయల్ ఫిల్టర్ మూసుకుపోవడం, పంపు బలహీనపడటం, లోపలికి పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్‌కి మురికి పట్టడం మామూలు కారణాలు. వీటికంటే ఎక్కువమంది కళ్లుగప్పేది మాత్రం ఆ సెన్సర్ దాటాక ఇంజన్‌కి గాలి తీసుకెళ్లే రబ్బరు హోస్. పైనుంచి చూస్తే నిక్షేపంగా ఉంటుంది. క్లాంపు పక్కన, కింది వైపు, వేళ్లతో కాస్త వంచి చూస్తేనే పగులు నోరు తెరుస్తుంది. అందులోంచి దొంగచాటుగా లోపలికి పోయే గాలి సెన్సర్ లెక్కలోకి రాదు. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా ఆ పక్కన చెవి పెడితే సన్నగా బుసకొట్టినట్టు వినిపిస్తుంది.

బండి కంప్యూటర్‌లోని లెక్కలు చదివే ఓబీడీ స్కానర్ ఉంటే ఈ పని ఇంకా తేలిక. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో ఐడిలింగ్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) ప్లస్ 20 శాతం దగ్గర ఉండి, 2500 ఆర్‌పీఎంకి పెంచగానే మామూలుకి దిగిపోతే, ఎక్కడో గాలి లీకవుతోందని అర్థం. దొంగగాలి పరిమాణం దాదాపు అంతే ఉంటుంది, ఇంజన్ పీల్చే మొత్తం గాలి పెరిగేసరికి దాని వాటా తగ్గిపోతుంది. అదే బండికి బరువు పడేకొద్దీ ట్రిమ్ పైకి పోతుంటే అనుమానం పంపు మీద, ఫిల్టర్ మీద పెట్టుకోవాలి. మిశ్రమంలో పెట్రోల్ తక్కువని చెప్పే పీ0171 అనే కోడ్ చూసి, పొగలో ఆక్సిజన్ కొలిచే ఆక్సిజన్ సెన్సర్ మార్చేయడం నేను ఎన్నోసార్లు చూశాను. మిశ్రమంలో పెట్రోల్ తగ్గిందని ఆ సెన్సర్ నిజమే చెబుతుంటుంది పాపం, శిక్ష దానికే పడుతుంది.

ముందు నుంచి తన్నడానికి ఇంకొన్ని కారణాలున్నాయి. టైమింగ్ బెల్ట్ ఒక పన్ను జారడం, ఇన్‌టేక్ వాల్వు సీటు మీద సరిగ్గా కూర్చోకపోవడం, ప్లగ్ వైర్లు తారుమారు కావడం. ఎక్కువ నాలుగు సిలిండర్ల ఇంజన్లలో స్పార్క్ 1-3-4-2 వరసలో పడాలి. రెండు వైర్లు మారిపోతే ఇన్‌టేక్ వాల్వు తెరిచి ఉన్న సిలిండర్‌లో స్పార్క్ పడుతుంది. సర్వీసింగ్ చేయించిన రోజే శబ్దం మొదలైతే ముందు చూడాల్సింది అక్కడే.

ఇక వెనక నుంచి వచ్చే శబ్దం. ఇక్కడ కథ తిరగబడుతుంది: మండకుండా మిగిలిపోయిన పెట్రోల్ వేడి పైపులోకి వెళ్లి, కాస్త ఆక్సిజన్ దొరకగానే అక్కడ అంటుకుంటుంది. మండకుండా ఎందుకు మిగిలింది? స్పార్క్ పడకపోయి ఉండొచ్చు, బాగా ఆలస్యంగా పడి ఉండొచ్చు, ఇంజెక్టర్ కారుతుండొచ్చు. ప్లగ్గుకి స్పార్క్ కోసం కరెంటు ఇచ్చే కాయిల్ పగిలినా ఐడిలింగ్‌లో బుద్ధిగా పనిచేస్తుంది. గట్టిగా తొక్కితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో స్పార్క్ దూకాలంటే ఇంకా ఎక్కువ వోల్టేజ్ కావాలి, సరిగ్గా అప్పుడే కాయిల్ చేతులెత్తేస్తుంది. ‘ఎత్తు ఎక్కేటప్పుడే మిస్ కొడుతోంది’ (సిలిండర్‌లో మంట అంటుకోవట్లేదు) అని ఎవరైనా అంటే నేను టార్చి పట్టుకుని నేరుగా కాయిల్స్ దగ్గరికే పోతాను.

ఆక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు మాత్రమే వెనక పటపటలాడితే, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ అందుకునే మొదటి పైపు) ప్యాకింగ్ చూడాలి. ఈమధ్య ఒక బండిలో ఆ జాయింట్ దగ్గర గోరు మందాన నల్లటి మసి చార ఉంది. గ్యాస్ బయటికి చిమ్మిన జాడ అది. ఎగ్జాస్ట్ పైపులో ఒత్తిడి ఒకేలా ఉండదు, కొట్టుకుంటూ ఉంటుంది. పెరిగినప్పుడు గ్యాస్ బయటికి పోతుంది, తగ్గినప్పుడు అదే సందులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. ఆ గాలి ఆక్సిజన్ సెన్సర్‌కి తగిలితే పెట్రోల్ తగ్గిందనుకుని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఇంకాస్త పోస్తుంది. ఎక్కువైన పెట్రోల్ వెనక్కి పోయి మళ్లీ అక్కడే పేలుతుంది. ప్యాకింగ్ మార్చాక ఆ బండి మళ్లీ పటపటలాడలేదు.

నివారణ అంటే ఖరీదైన పనులేం లేవు. ప్లగ్గులు మాన్యువల్లో చెప్పిన కిలోమీటర్లకి మార్చండి. పాతవి పారేయకముందు ఒకసారి కొన చూడండి: లేత గోధుమ రంగయితే ఇంజన్ బాగుంది, పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, తెల్లగా మాడినట్టుంటే తక్కువవుతోంది లేదా ఇంజన్ మరీ వేడెక్కుతోంది. నాలుగూ ఒకేలా ఉన్నాయా, ఒక్కటే తేడాగా ఉందా అన్నది ఇంకా ముఖ్యం. ఒక్కటే తేడాగా ఉంటే ఆ సిలిండర్ సంగతి చూసుకోవచ్చు, మిగతా ఇంజన్ జోలికి పోనక్కర్లేదు. ఎయిర్ ఫిల్టర్, ఫ్యూయల్ ఫిల్టర్, టైమింగ్ బెల్ట్, టాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గరుండే సందు) వేళకి చూసుకోవాలి. బానెట్ ఎత్తినప్పుడల్లా హోస్‌లు వంచి చూడటం అలవాటు చేసుకోండి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ బండ్లయితే ప్లగ్గుల విషయంలో అసలు వాయిదా వేయొద్దు. గ్యాస్‌కి స్పార్క్ బలంగా కావాలి. పాత మిక్సర్ రకం కిట్లలో ఇన్‌టేక్ పైపంతా గ్యాస్, గాలి కలిసి నిండి ఉంటాయి కాబట్టి ఒక్క బ్యాక్‌ఫైర్‌కే ఎయిర్ ఫిల్టర్ డబ్బా పగిలిపోగలదు.

సరదా కోసం పటపట శబ్దాలు వచ్చేలా ఈసీయూ మ్యాప్ మార్పించుకునే కుర్రాళ్లు కూడా వస్తుంటారు. స్పార్క్ ఆలస్యం చేసి, కాలు తీశాక కూడా పెట్రోల్ పోస్తూ ఉంటే ఆ శబ్దం వస్తుంది. పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండికి ఆ పని నేను చేయను. మండని పెట్రోల్ కన్వర్టర్‌లో మండితే లోపలున్న తేనెపట్టులాంటి సిరామిక్ కరిగి ముద్దవుతుంది. తర్వాత పొగ పోయే దారి మూసుకుపోయి పికప్ పడిపోతుంది.

మిస్ కొడుతున్న బండికీ ఇదే ప్రమాదం. చెక్ ఇంజన్ లైట్ నిలకడగా వెలిగితే త్వరలో చూపించుకుంటే సరిపోతుంది. టపటపా కొట్టుకుంటూ వెలిగితే మాత్రం కన్వర్టర్ దెబ్బతినేంతగా మిస్ కొడుతోందని అర్థం, అప్పుడు ఆక్సిలరేటర్ తగ్గించి, వీలైన మొదటి చోటే బండి ఆపేయండి. కార్బ్యురేటర్ బండి స్టార్ట్ కావట్లేదని ఎయిర్ ఫిల్టర్ తీసేసి, కార్బ్యురేటర్ నోట్లో పెట్రోల్ పోసి, ముఖం వంచి చూస్తూ సెల్ఫ్ కొట్టించే పద్ధతి ఇంకా కొందరిలో ఉంది. దయచేసి ఆ పని చేయొద్దు. ముందు నుంచి బ్యాక్‌ఫైర్ వస్తే మంట లేచేది సరిగ్గా ఆ నోట్లోంచే.