“అంటే నకిలీదా మేడం?”

నా మొదటి స్లైడ్ ఇంకా గోడ మీదే ఉంది. ‘కృత్రిమ జీవశాస్త్రం: ఒక పరిచయం’ అని పెద్ద అక్షరాల్లో రాసి తెచ్చాను. రెండో బెంచీలోని తొమ్మిదో తరగతి పిల్లవాడు అది చదివి, చాలా మర్యాదగా అడిగాడు, “అంటే నకిలీదా మేడం?” అని. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేశాను. వాళ్ళ నాన్న ఆ ఏడాది నకిలీ పత్తి విత్తనాలు వేసి మొలకలు రాక మళ్ళీ దున్నించుకున్నాడని తర్వాత స్టాఫ్ రూమ్‌లో తెలిసింది. నవ్వినందుకు సిగ్గేసింది.

అసలు నేను అక్కడికి ఎందుకు వెళ్ళానో చెప్పాలి. బయోటెక్నాలజీ మూడో సంవత్సరంలో ఉండగా మా కాలేజీ నుంచి ఐజెమ్ పోటీకి ఒక టీమ్ తయారైంది. సింథటిక్ బయాలజీలో, అంటే జీవుల డీఎన్‌ఏను మార్చి వాటిచేత మనకు కావలసిన పని చేయించే శాస్త్రంలో, విద్యార్థులకు జరిగే పోటీ అది. 2003లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో చిన్న కోర్సుగా మొదలై, మరుసటి ఏడాదే పోటీగా మారింది. ఇప్పుడు ఫైనల్స్ పారిస్‌లో జరుగుతున్నాయి. ల్యాబ్‌లో పని ఎంత బాగా చేసినా చాలదు, దాని గురించి బయట జనంతో మాట్లాడారా, వాళ్ళు చెప్పింది విన్నారా అని కూడా జడ్జీలు అడుగుతారు. టీమ్‌లో తెలుగు ధారాళంగా మాట్లాడేది నేనూ ఇంకో అబ్బాయీ. అందుకని ఊళ్ళ మీద తిరిగే పని మా ఇద్దరి నెత్తిన పడింది. అప్పటికి నా దృష్టిలో అది మెడల్ కోసం జరిపించాల్సిన తంతు.

మా ప్రాజెక్టు నీళ్ళలో ఫ్లోరైడ్‌ని పట్టుకునే బ్యాక్టీరియా. కొన్ని సూక్ష్మజీవులకు ఫ్లోరైడ్ తగిలితే ఆన్ అయ్యే స్విచ్ లాంటి ఆర్‌ఎన్‌ఏ (డీఎన్‌ఏ నుంచి కణం తీసుకునే నకలు) ముక్క ప్రకృతిలోనే ఉంది. శాస్త్రవేత్తలు దాన్ని 2012లో గుర్తించారు. ఆ స్విచ్ వెనక జెల్లీఫిష్ నుంచి వచ్చిన ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్ జన్యువును తగిలిస్తే, నీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్నప్పుడు బ్యాక్టీరియా మెరుస్తుంది. ఆలోచన అంతే. ఫ్లోరైడ్ అనగానే ఎవరికైనా నల్గొండే గుర్తొస్తుంది. ఉమ్మడి నల్గొండ జిల్లాలో మా మేనమామ వాళ్ళ ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్ ఉంది. పర్మిషన్ కోసం రెండుసార్లు తిరిగి, మొత్తానికి ఒక శనివారం వెళ్ళాం.

మొదటి రోజు నా క్లాసు గురించి ఎక్కువ చెప్పను. నలభై స్లైడ్లు. మధ్యలో కరెంటు పోయింది. పోవడమే మంచిదైంది.

తిరిగొచ్చాక మా ఇద్దరికీ గట్టి వాదన జరిగింది. ‘కృత్రిమ’ అనే మాటను మార్చాలన్నాడు వాడు. ‘సంశ్లేషిత జీవశాస్త్రం’ అందామా అంటే అది నాకే నోరు తిరగదు. చివరికి ‘సింథటిక్ బయాలజీ’ అనే ఉంచేసి, పేరుతో కాకుండా పనితో మొదలుపెడదాం అనుకున్నాం.

ఆ పని కూడా అంత తేలిగ్గా దొరకలేదు. అరటిపండు నుంచి డీఎన్‌ఏ తీసి చూపించడం పాత ప్రయోగమే, కానీ ముందు ఇంట్లో చేసి చూస్తే రెండుసార్లు చెడింది. చేతులకు రాసుకునే శానిటైజర్ వాడాను, అది జెల్ కదా, ఏమీ తేలలేదు. తర్వాత మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ కొన్నాను. అది బాగా చల్లగా ఉండాలి, బడిలో ఫ్రిజ్ లేదు. బస్టాండ్ దగ్గర సోడా బండి అతను థర్మోకోల్ డబ్బాలో ఐసు ముక్కలు ఇచ్చాడు.

రెండోసారి వెళ్ళినప్పుడు స్లైడ్లు లేవు. పిల్లలే అరటిపండును కవరులో వేసి పిసికారు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, చిటికెడు ఉప్పు, కాసిని నీళ్ళు. గిన్నెకున్న జిడ్డును సబ్బు వదలగొట్టినట్టే కణం పొరలో ఉన్న కొవ్వునూ విడగొడుతుందని చెబితే ఇంకేమీ వివరించాల్సిన పని పడలేదు. పల్చటి గుడ్డలో వడకట్టి, గాజు గొట్టంలో పోసి, దాని గోడ వెంబడి చల్లటి స్పిరిట్ మెల్లగా జార్చాం. రెండు ద్రవాలూ కలిసేచోట తెల్లటి పోగులు లేచాయి. “దూది!” అని అరిచింది ఒక పాప. పత్తి పండే ఊరు మరి. అగ్గిపుల్లకు ఆ పోగు చుట్టి ప్రతి బెంచీకీ తిప్పాం. ఆ రోజు నుంచి మా మాటల్లో డీఎన్‌ఏ అంటే దూదే.

తర్వాత పెరుగు సంగతి ఎత్తాను. తోడులో ఉన్న సూక్ష్మజీవికి పాలలోని చక్కెరను పులుపుగా మార్చడం వచ్చు. అది దాని డీఎన్‌ఏలో రాసి ఉంది. వేరే సూక్ష్మజీవికి మనం ఇంకో చీటీ రాసిస్తే, ఆ చీటీలో ఉన్నదీ చేసిపెడుతుంది. 1978లో కాలిఫోర్నియాలో మనిషి ఇన్సులిన్ తయారుచేసే చీటీని బ్యాక్టీరియాకు ఇచ్చారు, 1982లో ఆ ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది, అంతకుముందు పందుల నుంచీ పశువుల నుంచీ తీసేవాళ్ళు అని చెప్పాను. వెంటనే ఒకడు లేచాడు. “మా నాయనమ్మ ఇన్సులిన్ తీస్కుంటది. మరి పెరుగు తింటే సరిపోదా?”

నా పోలిక నా మెడకే చుట్టుకుంది. పెరుగులో ఇన్సులిన్ ఉండదనీ, ఒకవేళ ఉన్నా అది ప్రొటీన్ కాబట్టి కడుపులోనే అరిగిపోతుందనీ, అందుకే సూది వేసుకోవాల్సి వస్తుందనీ చెప్పాను. నాయనమ్మ చేత సూది మాన్పించొద్దని రెండుసార్లు గట్టిగా చెప్పాను. ఆ రోజంతా అదే టెన్షన్. అప్పటినుంచి ఏ పోలిక చెప్పినా అది ఎక్కడిదాకా పనికొస్తుందో కూడా అక్కడే చెప్పేస్తున్నాను.

మెరిసే బ్యాక్టీరియా ఫొటో చూపిస్తే, “అసలుది ఎందుకు తేలేదక్కా?” అన్నారు. మేడం పోయి అక్క వచ్చిందన్న సంతోషంలో, తేకూడదు, మా పోటీలో నియమం, జన్యువులు మార్చిన జీవి ఏదీ ల్యాబ్ దాటి బయటికి రాకూడదు, పని అయ్యాక వేడి ఆవిరితో చంపేస్తాం అని చెప్పేశాను. భద్రత గురించి నేను తయారుచేసుకున్న ఎనిమిది స్లైడ్లు చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క జవాబులో వచ్చేసింది. కానీ ఆ జవాబే మా ప్రాజెక్టుకు ఎసరు పెట్టింది. వెనక తలుపు దగ్గర నిలబడి వింటున్న అటెండర్ తాత అందుకున్నాడు. “ల్యాబు దాటొద్దంటివి, మల్ల మా బోరు నీళ్ళల్ల ఎట్ల ఏస్తవు బిడ్డా?”

జవాబు లేదు. ఆరు నెలలుగా పదిమందిమి పనిచేస్తున్నాం, మాలో ఒక్కరికీ ఈ ప్రశ్న తట్టలేదు.

హైదరాబాద్ వచ్చాక ప్రాజెక్టు సగం మార్చాం. బతికున్న బ్యాక్టీరియాకు బదులు, కణాన్ని పగలగొట్టి అందులోని సరంజామాను మాత్రం తీసి, దాన్ని ఆరబెట్టి కాగితం మీద పెట్టే పద్ధతి ఒకటుంది. నీటి చుక్క పడితే ఆ సరంజామా పని మొదలుపెడుతుంది. అందులో బతికే జీవి ఏదీ ఉండదు. మాకు టైమ్ చాలక అది పూర్తిగా కుదరలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు, మా కాగితం మాత్రం అంతకు చాలా ఎక్కువ ఉంటేనే రంగు చూపించింది.

మూడోసారి ఆ కాగితం పట్టుకుని వెళ్ళాం. ఈసారి పిల్లలతో పాటు కొందరు పెద్దవాళ్ళూ వచ్చారు. ఫ్లోరైడ్ గురించి వాళ్ళకు నేను చెప్పడమేమిటి, చాలామంది మోకాళ్ళు చూస్తేనే తెలుస్తోంది. అడిగిందంతా వేరే. బీటీ పత్తి 2002లో వచ్చినప్పుడు పురుగు పట్టదన్నారు, కొన్నేళ్ళకు గులాబీ పురుగు మళ్ళీ వచ్చింది, ఇదీ అంతేనా? విత్తనాల్లాగే దీన్నీ ఏటా కొనాల్నా? మా పోటీలో తయారైన డీఎన్‌ఏ ముక్కల వివరాలు ఎవరైనా చూడొచ్చు కానీ, కంపెనీలు తయారుచేసేవాటికి పేటెంట్లుంటాయని ఉన్నదున్నట్టు చెప్పాను.

చివర్లో ఒక పెద్దమ్మ కాగితాన్ని వేళ్ళతో తిప్పి చూసి అడిగింది. “రంగు మారుతది. మంచిదే. తాగనీకి ఇప్పుడు నల్లా నీళ్ళొస్తున్నయి. నల్లా రాని నాడు ఈ రంగు చూసి నేనేం చెయ్యాలె?”

పారిస్‌లో మా ప్రజెంటేషన్ మొదటి స్లైడ్ ఆ ప్రశ్నే. తెలుగులోనే పెట్టి, కింద ఇంగ్లీషులో చిన్నగా రాశాం.