పాత ఎంఎక్స్-5కి 1.8 బ్రేకులు

మాజ్దా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తొలి తరంలో, 1.6 లీటర్ల ఇంజన్ ఉన్నదానికి ముందు బ్రేకు డిస్కు 235 మి.మీ., వెనక 231. 1.8 లీటర్లదానికి 255, 251. ఆ పెద్ద బ్రేకులు 1.6కి వేయాలంటే కాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగాలు) పాతవే సరిపోతాయి. వాటిని పట్టి ఉంచే బ్రాకెట్లు, డిస్కులు, ప్యాడ్లు మాత్రం 1.8వే కావాలి. 14 అంగుళాల చక్రాలు మార్చక్కర్లేదు. ముందువి ఒక్కటే మార్చి ఆగితే బ్రేకు బలం ముందుకి మొగ్గుతుంది, వెనకవి ఊరికే ఉంటాయి.

విశాఖలో అసలు తలనొప్పి ఉప్పుగాలి. హబ్ (డిస్కు, చక్రం కూర్చునే మధ్యభాగం) మీది తుప్పు వైరు బ్రష్‌తో గీకకపోతే డిస్కు వంకరగా కూర్చుని పెడల్ అదురుతుంది. కాలిపర్ జారే స్లైడ్ పిన్నులకి సిలికాన్ గ్రీజు రాయండి.

కొత్త ప్యాడ్లు పట్టాలంటే కాలిపర్‌లో ప్యాడ్‌ని తోసే పిస్టన్ లోపలికి పోవాలి. వెనక పిస్టన్ సి-క్లాంపుతో (మరతో బిగించే పట్టు) నొక్కితే పోదు, బలవంతం చేస్తే పాడవుతుంది. కాలిపర్ వెనకున్న 14 మి.మీ. బోల్టు తీసి, లోపలి స్క్రూని 4 మి.మీ. అలెన్ కీతో ఎడమకి తిప్పాలి. అన్నీ బిగించాక అదే స్క్రూని డిస్కు పట్టేసేదాకా కుడికి తిప్పి, మూడో వంతు చుట్టు వెనక్కి వదలండి. సింహాచలం ఘాట్ దిగేది ప్యాడ్లు కుదురుకున్నాకే.