నలభై ఐదు రోజుల లెక్క

లీడ్స్ నగరంలో నేను పనిచేసే బ్యాంకు కార్యాలయం నాలుగో అంతస్తులో, జిరాక్సు యంత్రం పక్కన, కిటికీ లేని చిన్న గది ఒకటి ఉంది. దానికి యూనియన్ గది అని పేరు. ఒక బల్ల, మూడు కుర్చీలు, తాళం వేసుకునే ఇనుప బీరువా, గోడకు ఒక క్యాలెండర్, అందులోని సామాను ఇంతే. క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో సున్నా చుట్టిన తేదీలు చూసి కొత్తగా వచ్చినవాళ్లు అవి సెలవులనుకుంటారు. ఒకటి ఫలానా సభ్యురాలి క్రమశిక్షణ విచారణ తేదీ. మరొకటి ఫలానా సభ్యుడు ఉద్యోగ వివాదాలు విచారించే ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌కు వెళ్లదలిస్తే ముందుగా రాజీ కుదిర్చే ప్రభుత్వ సంస్థ ఏకాస్ దగ్గర రాజీ ప్రక్రియ మొదలుపెట్టవలసిన ఆఖరు రోజు. తొలగించిన నాటి నుంచి మూడు నెలలకు ఒక్క రోజు తక్కువలోగా ఆ పని చేయకపోతే, ఎంత అన్యాయం జరిగినా తర్వాత వినేవాళ్లు దొరకడం కష్టం. 2016 నుంచి నేను ఇక్కడి యూనియన్ శాఖకు కార్యదర్శిని. యూనియన్ అనగానే అందరికీ సమ్మె, నినాదాలు గుర్తుకొస్తాయి గానీ, ఈ బాధ్యతలో నా కాలం ఎక్కువగా ఇతరుల కోసం రోజులు లెక్కపెట్టడంలోనే గడిచింది.

మా నాన్నగారు ఆంధ్రా బ్యాంకులో గుమాస్తాగా చేరి, తెనాలి చుట్టుపక్కల శాఖల్లోనే పనిచేసి పదవీ విరమణ చేశారు. 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య గారు స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయిన రోజు ఆయన ఫోన్లో సరిగా మాట్లాడలేకపోయారు. భోజన విరామంలో బ్యాంకు గుమ్మం ముందు గేటు మీటింగు జరుగుతుంటే, చొక్కా జేబుకు పిన్నీసుతో నల్ల బ్యాడ్జీ పెట్టుకుని ఎండలో నిలబడ్డ నాన్నగారే నా చిన్నతనపు జ్ఞాపకం. 1946లో ఏర్పడిన అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘంలో ఆయన సభ్యుడు. జీతాల మీద యాజమాన్యాలకూ సంఘాలకూ మధ్య ద్వైపాక్షిక ఒప్పందం కుదిరిందంటే మా ఇంట్లో అరియర్స్ ఎప్పుడొస్తాయన్న మాట మొదలయ్యేది. మా మొదటి ఫ్రిజ్ అలా వచ్చిందే.

నేను 2009లో హైదరాబాద్ నుంచి వర్క్ వీసా మీద ఇక్కడికి వచ్చి, 2012లో యునైట్ అనే కార్మిక సంఘంలో సభ్యత్వం తీసుకున్నాను. ఆ సంగతి చెప్పినప్పుడు నాన్నగారు అభినందించలేదు. "మీ ఆఫీసులో ఎంతమంది ఉన్నారు, అందులో సభ్యులెంతమంది?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. కార్యదర్శినయ్యాక కూడా చాలాకాలం ఆ రెండు అంకెలూ సరిగా చెప్పలేకపోయాను.

మన దేశంలో బ్యాంకుల జీతభత్యాలను యాజమాన్యాల సంఘం ఒకవైపు, ఉద్యోగ సంఘాలు మరొకవైపు కూర్చుని మొత్తం పరిశ్రమకు కలిపి తేల్చుకుంటాయి. బ్రిటన్‌లో ఇప్పుడు ఏ బ్యాంకు లెక్క ఆ బ్యాంకుదే. 1917లో బ్యాంక్ ఆఫీసర్స్ గిల్డ్‌గా మొదలైన సంఘం పేర్లు మారుతూ, విలీనాలు జరుగుతూ, 1999లో యూనిఫై, 2004లో అమికస్, చివరికి 2007లో యునైట్ అయింది. అంత పెద్ద సంఘానికి అట్టడుగున ఉండే మా శాఖకు మాత్రం ఒక అధ్యక్షురాలు, ఒక కార్యదర్శి, ఒక కోశాధికారి, ఇద్దరు భద్రతా ప్రతినిధులు, పని మానుకుని మీటింగుకు రాగలిగిన మరో నలుగురు సభ్యులు, ఇంతే బలం.

చట్టం మాకు ఇచ్చిన అధికారాల్లో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది చాలా చిన్నది. 1999 నాటి ఎంప్లాయ్‌మెంట్ రిలేషన్స్ చట్టం పదో సెక్షన్ ప్రకారం, క్రమశిక్షణ విచారణకైనా ఫిర్యాదు విచారణకైనా పిలిచినప్పుడు ఉద్యోగి తన పక్కన ఒక తోడును కూర్చోబెట్టుకోవచ్చు. యాజమాన్యం యూనియన్‌ను గుర్తించని చోట కూడా ఈ హక్కు ఉంటుంది. ఆ తోడు మనిషి ఉద్యోగి తరఫున వాదన వినిపించవచ్చు, చివర క్రోడీకరించి చెప్పవచ్చు, మధ్యలో ఉద్యోగితో విడిగా మాట్లాడవచ్చు; అయితే ఉద్యోగిని అడిగిన ప్రశ్నకు తాను జవాబు చెప్పకూడదు. తోడు రావలసినవాడికి ఆ రోజు వీలు కాకపోతే ఐదు పనిదినాల లోపు మరో తేదీ కోరవచ్చు.

ఒకసారి ఇరవై ఆరేళ్లుగా కౌంటర్‌లో పనిచేస్తున్న ఒక యార్క్‌షైర్ మహిళ పక్కన కూర్చున్నాను. ఒక సాయంత్రం లెక్కలో 240 పౌండ్లు తక్కువ వచ్చాయి. దొంగతనమని ఎవరూ అనలేదు, అజాగ్రత్త అన్నారు. ఆవిడ మొదటి ప్రశ్నకే భయంతో, అడగని వాటికి కూడా జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. చేతిలో కాగితపు గ్లాసు నలిగి నీళ్లు బల్ల మీద పడ్డాయి. నేను పది నిమిషాల విరామం అడిగాను. బయట నడవాలో ఆవిడ గోడకు ఆనుకుని, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "ఆ రోజు నోట్లు లెక్కపెట్టే యంత్రం పాడైంది కదా, ఇద్దరం ఒకే డ్రాయర్ వాడాం" అంది. అప్పటిదాకా ఆ మాట ఎవరికీ తట్టలేదు, ఆవిడకు కూడా. లోపలికి వెళ్లాక ఆ మాట ఆవిడ నోటే చెప్పించి, విచారణలో జరిగినది నమోదు చేసే మినిట్స్‌లో రాయించి, యంత్రం మరమ్మతు రికార్డు తెప్పించమని అడిగాను. హెచ్చరిక లేకుండా విషయం ముగిసింది. నేను చేసినదల్లా పది నిమిషాలు అడగడమే. ఒంటరిగా కూర్చున్న మనిషికి ఆ పది నిమిషాలు అడిగే ధైర్యం ఉండదు.

మనవాళ్లు సభ్యత్వానికి ముందుకు రాకపోవడం ఇన్నేళ్లుగా నన్ను బాధిస్తున్న విషయం. మా అంతస్తులోనే తెలుగువాళ్లం ముప్పై మందికి తక్కువ ఉండం. కొందరు బ్యాంకు ఉద్యోగులు, కొందరు ఐటీ కంపెనీల తరఫున వచ్చి వేరే రంగు బ్యాడ్జీతో పనిచేసేవాళ్లు. ఉగాది పచ్చడి తెచ్చి పంచుకుంటాం, ఊరి కబుర్లు చెప్పుకుంటాం, యూనియన్ మాట ఎత్తితే మాత్రం గొంతు తగ్గిపోతుంది. "వీసా మీద ఉన్నాం, మనకెందుకండీ ఇవన్నీ" అంటారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను, 2009లో నాకూ అదే భయం ఉండేది. కానీ భయపడవలసిన చోటు అది కాదు. యూనియన్‌లో చేరినందుకు వీసాకు ఏ ఇబ్బందీ లేదు. చేరినందుకు ఉద్యోగంలోంచి తీసేస్తే అది చట్టం దృష్టిలో దానంతటదే అన్యాయమైన తొలగింపు. సభ్యుల జాబితాలు చూసి మనుషులను పక్కనపెట్టడం 2010 నుంచి ప్రత్యేకంగా నిషేధం. వీసాకు నిజమైన ప్రమాదం ఉద్యోగం పోవడం వల్ల వస్తుంది. వీసాకు పూచీగా నిలిచి స్పాన్సర్ చేసిన సంస్థ పది పనిదినాల్లో ప్రభుత్వానికి తెలియజేస్తుంది, ఆ తర్వాత వీసాలు చూసే హోం ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది, అక్కడి నుంచి మామూలుగా 60 రోజుల గడువు. ఆ గడువులో కొత్త స్పాన్సర్ దొరకాలి, లేకపోతే పిల్లల బడి, ఇంటి అద్దె ఒప్పందం, కారు అప్పు అన్నీ వదులుకుని విమానం ఎక్కాలి. పక్కన ఒకరు నిలబడటం అవసరమైన మనిషి ఎవరంటే ముందు ఆ వీసా మీద ఉన్న మనిషే.

2024 శరదృతువులో మా శాఖకు అతి కష్టమైన కాలం వచ్చింది. చెల్లింపుల వివాదాలను పరిశీలించే విభాగాన్ని మూసి, ఆ పనిని హైదరాబాద్‌లోని బ్యాంకు కేంద్రానికి తరలించాలని యాజమాన్యం ప్రతిపాదించింది. నూరు మందికి పైగా ఉద్యోగాలు. ఒకే కార్యాలయంలో 90 రోజుల లోపు వంద మందిని, అంతకు పైబడి తొలగించాలనుకుంటే, మొదటి తొలగింపు అమలయ్యే నాటికి కనీసం 45 రోజుల ముందు యూనియన్‌తో సంప్రదింపులు మొదలుపెట్టాలి. ఇరవై నుంచి తొంభై తొమ్మిది వరకూ అయితే 30 రోజులు చాలు. 2013కు ముందు ఆ 45 రోజులు 90గా ఉండేవి. సగానికి సగం కోసేసిన ఆ రోజుల విలువ సంప్రదింపుల బల్ల ముందు కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది.

కమిటీలో ఒకరు కరపత్రం ముసాయిదా తెచ్చారు. అందులో "మన ఉద్యోగాలను ఇండియా ఎత్తుకుపోతోంది" అని ఉంది. గదిలో అందరూ నా వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించారు. నేను ఆ వాక్యం కొట్టేసి, "ఈ పనిని తక్కువ జీతాలున్న చోటికి మార్చాలని మన యాజమాన్యం నిర్ణయించబోతోంది" అని రాశాను. నిర్ణయం తీసుకునేవాళ్లు ఈ భవనంలోనే ఉన్నారు, వాళ్లతోనే మన మాట అని చెప్పాను. అరగంట వాదన జరిగింది. నేను తెలుగువాణ్ని గనుక అలా అంటున్నానని ఒకరు అన్నారు. కావచ్చు, అందుకనే ఆ మాటను మినిట్స్‌లో రాయమన్నాను, ఓటు పెట్టమన్నాను. మార్చిన వాక్యమే నెగ్గింది. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే కాళ్లు బరువెక్కాయి.

సంప్రదింపులు మొదలైన మూడో రోజునే మా విభాగం వాళ్లను హైదరాబాద్ బృందానికి పని నేర్పించమన్నారు. మొదటి కాల్ ఉదయం తొమ్మిదికి. మిగతావాళ్లంతా వెళ్లిపోయాక అవతల ఒక అమ్మాయి తెరమీద మిగిలిపోయింది, నా పేరు చూసి తెలుగులో పలకరించింది. "సర్, అక్కడ ఈ పని చేస్తున్నవాళ్లు వేరే ప్రాజెక్టుకు మారుతున్నారని మాకు చెప్పారు, నిజమేనా?" అని అడిగింది. "లేదమ్మా, వాళ్ల ఉద్యోగాలు ఉంటాయో పోతాయో ఇంకా తేలలేదు" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సారీ సర్, మాకు తెలియదు" అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదని చెప్పి కాల్ ముగించాను. పదిన్నరకు యాజమాన్యం ముందు కూర్చుని, నిర్ణయం జరగలేదంటూ పని అప్పగింత మొదలుపెడితే ఈ సంప్రదింపులకు అర్థమేమిటని అడిగాను. జవాబు వెంటనే రాలేదు, రెండు రోజుల తర్వాత వచ్చింది: సంప్రదింపులు పూర్తయ్యేదాకా శిక్షణ ఆపేశారు.

మిగిలిన రోజులు అంకెలతో గడిచాయి. తొలగించడానికి ఎవరిని ఎంచుకుంటారు, ఏ ప్రాతిపదికన మార్కులు వేస్తారు, ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లు ఎంతమంది, వేరే విభాగాల్లో ఖాళీలున్నాయా? గుంటూరు నుంచి వచ్చిన ఒక సోదరికి మార్కులు బాగా తక్కువ వచ్చాయి. కాగితాలు ముందు వేసుకుని చూస్తే, ప్రసూతి సెలవులో ఉన్న నెలలకు కూడా ఉత్పాదకత లెక్కకట్టి సున్నాలు వేశారు. "అన్నయ్యా, అడిగితే ఇంకా కోపం తెచ్చుకుంటారేమో" అంది. అడిగాం. మార్కులు సరిచేశారు. అంతేకాక, 2024 ఏప్రిల్ 6 నుంచి బిడ్డ పుట్టాక 18 నెలల వరకూ, తగిన ఖాళీ ఉంటే అలాంటి తల్లికి ముందుగా ఇవ్వవలసిన బాధ్యత యాజమాన్యం మీద ఉంది. రిస్కు విభాగంలో ఖాళీ ఉంది. ఆవిడ ఇప్పుడు అక్కడే పనిచేస్తోంది.

అందరికీ అలా జరగలేదు. అరవై మందికి పైగా వెళ్లిపోయారు, వాళ్లలో వీసా మీద ఉన్నవాళ్లు ఏడుగురు. నోటీసు కాలానికి బదులు మొత్తం జీతం ఒకేసారి ఇస్తామని యాజమాన్యం ఉదారంగా ముందుకొచ్చింది. చేతికి ఒక్కసారిగా మూడు నెలల జీతం అంటే ఎవరికైనా సంతోషమే. కానీ డబ్బు తీసుకుంటే ఉద్యోగం ఆ రోజే ముగుస్తుంది, స్పాన్సర్‌షిప్ కూడా ఆ రోజుతోనే సరి. నోటీసు కాలం జీతంతో పూర్తి చేయనిస్తే, ఆఫీసుకు రానక్కర్లేదన్నా సరే, కాగితం మీద ఉద్యోగం మూడు నెలలు నిలుస్తుంది. ఆ తర్వాతే 60 రోజుల లెక్క మొదలవుతుంది. ఈ తేడా ఆ ఏడుగురిలో ఒక్కరికి కూడా తెలియదు. నిజం చెప్పాలంటే, అంతకు రెండేళ్ల ముందు నాకూ తెలియదు. అప్పట్లో ఒక కుర్రవాడు డబ్బు తీసుకుని, సంతకం పెట్టి, వ్యవధి చాలక ఖమ్మం వెళ్లిపోయాడు. ఈసారి ఏడుగురికీ నోటీసు కాలమే ఇవ్వాలని అడిగాం, ఇచ్చారు. ఐదుగురికి ఆ గడువులో కొత్త స్పాన్సర్లు దొరికారు.

ఆ తర్వాత మా శాఖలో సభ్యులు పెరిగారు, మనవాళ్లు పదకొండు మంది చేరారు. అయినా నాకు తృప్తి లేదు, కారణం చిరునామాలు. 2022లో ధరలు మండిపోతున్నప్పుడు, అక్టోబరులో ద్రవ్యోల్బణం 11.1 శాతానికి చేరినప్పుడు, జీతాల మీద ఓటింగు పెట్టాం. 2016 నాటి ట్రేడ్ యూనియన్ చట్టం ప్రకారం అప్పట్లో సమ్మె చేయాలంటే సభ్యుల్లో కనీసం సగం మంది ఓటు వేయవలసి ఉండేది; ఆ ఓటు కూడా పోస్టులోనే రావలసి ఉండేది. ఇల్లు మారిన సభ్యుల కవర్లు తిరిగి వచ్చి ఆ బీరువా అడుగు అరలో కట్టలుగా పడి ఉన్నాయి, సగానికి కొద్దిలో తప్పిపోయాం. అద్దె ఇళ్లు మారడం మనవాళ్లకు మరీ ఎక్కువ గనుక ఆ కట్టల్లో తెలుగు ఇంటిపేర్లు చాలా కనిపించాయి.

అందుకే ఇప్పుడు ప్రతి గురువారం సాయంత్రం గంటసేపు ఆ గదిలో కూర్చుని సభ్యులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. పోస్టు కోడ్ అడుగుతాను, ఫ్లాట్ నంబరు సరిచూసుకుంటాను, పిల్లలెలా ఉన్నారని అడుగుతాను. ఆఫీసులో ఎంతమందో, సభ్యులెంతమందో నాన్నగారికి ఇప్పుడు చెప్పగలను. ఎంతమందికి కవరు చేరుతుందన్నది ఇంకా చెప్పలేను. ఇంటిపేర్ల అకారాది పట్టికలో నిన్నటికి 'చ' దాకా వచ్చాను.