గెలుపు తరువాత పన్నెండేళ్లు

ఫ్రాంక్ హెర్బర్ట్ వైజ్ఞానిక కల్పనా నవల ‘డ్యూన్’ చదివి ముగించి, ఆ ఊపులో రెండో భాగమైన ‘డ్యూన్ మెస్సయ్య’ను చేతిలోకి తీసుకునే పాఠకుడికి మొదట ఆశ్చర్యం కలిగించేది దాని పరిమాణం. మొదటి నవలలో సగం కూడా లేని ఈ పుస్తకంలో యుద్ధాలు దాదాపుగా లేవు, ఎడారిలోని భారీ ఇసుక పురుగుల మీద స్వారీలు లేవు, ఎడారి తెగల రహస్య స్థావరాలు లేవు. ఉన్నవల్లా గదులు, ఆ గదుల్లో కూర్చుని ఒకరినొకరు అనుమానించుకుంటూ మాట్లాడుకునే మనుషులు. మొదటి నవల ఇచ్చిన ఉత్సాహాన్ని కొనసాగించుకోవాలనుకునేవారికి ఇది నచ్చకపోవడం సహజమే. నాకు మాత్రం ఇది మొదటి దానికంటే ధైర్యమైన రచన అనిపించింది.

‘డ్యూన్’ 1965లో పుస్తకంగా వచ్చింది. 2021లోనూ 2024లోనూ రెండు సినిమాలుగా వచ్చిన కథ అదే. రెండో భాగం 1969లో ముందు గెలాక్సీ పత్రికలో ధారావాహికగా, అదే ఏడాది పుస్తకంగా వెలువడింది. మొదటి నవలను అనలాగ్ పత్రికలో సీరియల్‌గా వేసిన సంపాదకుడు జాన్ కాంప్‌బెల్ రెండో దాన్ని తిరస్కరించాడు. పాఠకులు నాయకుణ్ణి కోరుకుంటారు గాని, ఓడిపోయే నాయకుణ్ణి కాదన్నది ఆయన అభిప్రాయం. అయితే మొదటి నవల పూర్తికాక ముందే రెండు, మూడు భాగాల్లో కొంత రాసి ఉంచుకున్నానని హెర్బర్ట్ చెప్పాడు. అంటే మొదటి పుస్తకం అమ్ముడుపోయింది కదా అని అతికించిన తోక కాదిది. ఆయన అసలు చెప్పదలచుకున్నది ఇందులోనే ఉంది.

కథ ముందే తెలియడం ఇష్టం లేనివారు ఇక్కడే ఆగడం మంచిది.

మొదటి నవల చివర కథానాయకుడు పాల్ చక్రవర్తి అవుతాడు. రెండోది పన్నెండేళ్ల తరువాత మొదలవుతుంది. ఈ మధ్యకాలంలో అతని పేరు మీద ఫ్రెమెన్ అనే ఎడారి తెగల సైన్యాలు గ్రహం తరువాత గ్రహాన్ని జయించాయి. ఒక ఘట్టంలో పాల్ తన అనుచరుడు స్టిల్గర్‌కు పాత భూమి చరిత్ర చదవమంటాడు. చెంఘిజ్ ఖాన్, హిట్లర్ ఎన్ని లక్షల మందిని చంపించారో చెబితే, అవేమంత పెద్ద లెక్కలు కావన్నట్టుగా స్టిల్గర్ పెదవి విరుస్తాడు. అప్పుడు పాల్ తన లెక్క చెబుతాడు: 6,100 కోట్ల ప్రాణాలు, జీవం లేకుండా చేసిన 90 గ్రహాలు, తుడిచిపెట్టిన 40 మతాల అనుయాయులు. మొదటి నవలలో ఎవరి గెలుపు కోసం మనం పేజీలు తిప్పామో అతనే ఈ అంకెలు చెప్పడం వల్ల, చదివేవాడు కూడా ఆ లెక్కలో కొంత వాటాదారు అవుతాడు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ మహాభారతం గుర్తుకు రాక మానదు. సౌప్తిక పర్వంతో యుద్ధం ముగిసిపోయినా ఇంకా 8 పర్వాలు మిగిలే ఉంటాయి. తిక్కన వాటిలో దేన్నీ వదలలేదు. గెలిచిన ధర్మరాజు రాజ్యం వద్దంటాడు. అయితే అతనికి అడగడానికి అంపశయ్య మీద భీష్ముడున్నాడు. భవిష్యత్తు మొత్తం కనబడే పాల్‌కు మాత్రం సలహా అడగదగిన మనిషి ఎవరూ లేరు.

ఈ నవలలో నాకు అన్నిటికంటే ఎక్కువగా నచ్చింది ఫరోక్ అనే ముసలి ఫ్రెమెన్ సైనికుడు కనిపించే చిన్న ఘట్టం. అతను దండయాత్రకు వెళ్లింది దేవుడి కోసమో పాల్ కోసమో కాదు, సముద్రం అనేది ఉంటుందని విని, దాన్ని చూడడానికి. చుక్క నీటిని కూడా దాచుకుని బతికే గ్రహం నుంచి వెళ్లి, వేరే గ్రహం మీద సముద్రంలో దిగి, బయటికి వచ్చేసరికి అతనిలోని యుద్ధోన్మాదం దిగిపోయింది. ఇంటి దగ్గర అదే యుద్ధంలో కళ్లు పోగొట్టుకున్న కొడుకున్నాడు. వందల పేజీల యుద్ధవర్ణన చేయలేని పనిని ఈ కాసిని పేజీలు చేస్తాయి.

వైజ్ఞానిక కల్పనగా ఈ పుస్తకానికి బలం, భవిష్యత్ దర్శనానికి హెర్బర్ట్ పెట్టిన నియమాల్లో ఉంది. భవిష్యత్తు చూడగల మరొకడు దగ్గర ఉంటే అతని చుట్టూ జరిగేది పాల్‌కు కనబడదు. అందుకే పాల్‌ను కూలదోయాలని చూసే కుట్రదారులు తమ మధ్య అంతరిక్ష నావికుల సంఘానికి చెందిన ఒకణ్ణి కూర్చోబెట్టుకుంటారు. తరువాత ఒక అణ్వాయుధం వల్ల పాల్ చూపు పోతుంది. గుడ్డివాణ్ణి ఎడారికి వదిలేయడం ఫ్రెమెన్ ఆచారం. కాని పాల్ కళ్లు లేకుండానే అందరినీ చూస్తూ, దారి తప్పకుండా నడుస్తూ ఉంటాడు, ఎందుకంటే ఈ క్షణాలన్నీ ముందే అతని దర్శనంలోకి వచ్చినవి. ఆ చూపు నిలవాలంటే మాత్రం దర్శనంలో ఉన్నది ఉన్నట్టుగా జరిగిపోవాలి. అతని ప్రేయసి చానీ ప్రసవంలో చనిపోవడం కూడా అందులో భాగమే. ఒక్క అడుగు పక్కకు వేసినా చీకటే. కూతురు ఒక్కతే పుడుతుందని అతను చూసి ఉంటాడు, పుట్టింది కవలలు. అక్కడితో దర్శనం తెగిపోతుంది, అతను నిజంగానే గుడ్డివాడవుతాడు.

లోపాలు లేవని కాదు. కుట్ర మొదట్లో ఎంతో జటిలంగా కనబడి, నడుమ చాలాసేపు కదలకుండా ఉండిపోతుంది. అన్నిటికంటే అన్యాయం జరిగింది ఇరులాన్‌కు. పాల్‌కు పేరుకు మాత్రమే భార్య, చానీకి గర్భం రాకుండా రహస్యంగా మందు కలిపించిన మనిషి, చరిత్ర రాసే మనిషి. ఇంత సామగ్రి ఉన్న పాత్ర చివర్లో తాను పాల్‌ను ప్రేమించానని ఏడ్చిందని మనకు పక్కవాళ్ల మాటల్లో తెలుస్తుంది. ఆ ఏడుపుకు ఒక అధ్యాయం ఇచ్చి, కుట్రదారుల చర్చల్లో ఒకటి తగ్గించి ఉంటే నవల ఇంకా నిండుగా ఉండేది.

మూడో భాగం ‘చిల్డ్రెన్ ఆఫ్ డ్యూన్’ 1976లో వచ్చింది. దానికంటే ముందు మొదటి నవలలోని ఒక ఘట్టాన్ని మళ్లీ చదవాలనుకుంటున్నాను: తండ్రిని పోగొట్టుకున్న రాత్రి, ఎడారి గుడారంలో తల్లి పక్కన కూర్చున్న పదిహేనేళ్ల పాల్, తన వంశపు జెండా కింద రాబోయే మతయుద్ధాన్ని అక్కడే చూస్తాడు. హెర్బర్ట్ ఈ సంగతిని దాచలేదు; ఇసుక పురుగులు వచ్చేసరికి మనమే దాన్ని పక్కన పెట్టేస్తాం.