కార్డు డాలస్‌లో, నేను తెనాలిలో

"ఆరు నెలలకోసారి వచ్చి మొహం చూపించి వెళ్తే చాలు, గ్రీన్ కార్డుకేం కాదు." ఈ మాట నాకు తక్కువలో తక్కువ పదిమంది చెప్పారు. మా ఆయన స్నేహితులు చెప్పారు, గుడిలో కలిసిన ఆంటీ చెప్పింది, అమెరికా మొహం ఎప్పుడూ చూడని మా పెదనాన్న కొడుకు కూడా చెప్పాడు. అందరూ అంత ధీమాగా చెప్తుంటే నమ్మక ఏం చేస్తాం? నేనూ నమ్మాను.

నా కార్డు పెళ్ళి ద్వారా వచ్చింది. మా ఆయన అమెరికా సిటిజన్, ఉండేది డాలస్‌లో. 2021 ఆగస్టులో మా పెళ్ళయింది. ఇమిగ్రెంట్ వీసా కాబట్టి ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో కాదు, ముంబైలో. 2023 మార్చిలో వీసా చేతికొచ్చింది, ప్రయాణానికి ఆరు నెలల గడువుంది. టికెట్ చవగ్గా దొరికిందని ఏప్రిల్లోనే విమానం ఎక్కేశాను. అమెరికాలో అడుగుపెట్టే రోజుకి పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే ఇచ్చేది రెండేళ్ళ కార్డు. దాన్ని కండిషనల్, అంటే షరతులున్న కార్డు అంటారు. నిండితే పదేళ్ళ కార్డు. అంటే నేను ఇంకో నాలుగు నెలలు అమ్మ దగ్గర కూర్చుని ఆగస్టు చివర్లో వెళ్ళుంటే, కింద చెప్పబోయే గొడవలో సగం ఉండేదే కాదు. ఈ సంగతి మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఆరు నెలల సలహా ఇచ్చిన పదిమందిలో ఒక్కరికీ ఇది తెలియదు.

ఆ ఏడాది నవంబర్లో అమ్మకి స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. నాన్న పోయి ఆరేళ్ళు, నేను ఒక్కదాన్నే కూతుర్ని. చేస్తున్న చిన్న ఉద్యోగానికి రాజీనామా పెట్టి వారం లోపల తెనాలిలో దిగాను. రెండు నెలలు ఆసుపత్రి, ఇల్లు, ఫిజియోథెరపీ. డాక్టరుగారు ఏడాదైనా మనిషి తోడు ఉండాలమ్మా అన్నప్పుడు మొదటిసారి కార్డు గుర్తొచ్చి, కూర్చుని రూల్స్ చదవడం మొదలుపెట్టాను.

చదివాక అర్థమైంది, మనవాళ్ళు చెప్పే ఆరు నెలల లెక్క ఎక్కడిదో. 180 రోజులు దాటి బయట ఉంటే, తిరిగొచ్చేటప్పుడు మనల్ని కొత్తగా ప్రవేశం అడుగుతున్నవాళ్ళలా చూడొచ్చు. అంతే గాని, 180 లోపు వస్తే అంతా క్షేమం అని ఎక్కడా లేదు. ఇమిగ్రేషన్ వాళ్ళు చూసేది ఒకటే. ఈ మనిషి ఇక్కడ కాపురముంటోందా, లేక చుట్టపుచూపుగా వచ్చిపోతోందా? ఏడాది దాటితే మాత్రం కార్డు ఒక్కటే పట్టుకుని రావడానికి కుదరదు. రీ-ఎంట్రీ పర్మిట్, అంటే తిరిగి రావడానికి ముందే తీసుకున్న అనుమతి ఉండాలి. అది లేకపోతే కాన్సులేట్‌లో రిటర్నింగ్ రెసిడెంట్ వీసా అడగాలి, మన చేతుల్లో లేని కారణంతోనే ఆగిపోయామని రుజువు చెయ్యాలి.

రీ-ఎంట్రీ పర్మిట్‌కి ఫారం ఐ-131. ఇక్కడో మెలిక. అది వేసేటప్పుడు మనిషి అమెరికాలోనే ఉండాలి. తెనాలిలో కూర్చుని వెయ్యడం కుదరదు. పిన్నిని ఇంట్లో పెట్టి ఫిబ్రవరిలో వెనక్కి వెళ్ళాను, మార్చి మొదటి వారంలో ఫారం పంపాను. 575 డాలర్లు ఫీజు, 85 వేలిముద్రలకి, మొత్తం 660. ఏప్రిల్ 1 నుంచి అదే 630 అయింది. ప్రభుత్వ ఫీజు తగ్గడం నా జన్మలో చూడటం అదే మొదటిసారి, అదీ నేను కట్టేశాక.

ఫారంలో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. రెసిడెంట్ అయ్యాక ఎప్పుడైనా నాన్-రెసిడెంట్‌గా టాక్స్ వేశారా, లేదా నాన్-రెసిడెంట్‌నే కదా అని వెయ్యడం మానేశారా అని. ఇండియాలో ఉంటున్నాను, జీతం లేదు, నాకెందుకు టాక్స్ రిటర్న్ అనుకునే నాలాంటివాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. ఎక్కడున్నా సరే రెసిడెంట్‌గానే వెయ్యాలి. మేం ఇద్దరం కలిపి జాయింట్‌గా వేస్తూ వచ్చాం.

దానికి తోకలా ఇంకొకటి. అమ్మ ఫిక్స్‌డ్ డిపాజిట్లలో నాన్న పోయాక నా పేరు కూడా చేర్చారు. డబ్బు అమ్మది, నేను పైసా ముట్టుకోలేదు. అయినా బయటి దేశాల్లో మన పేరున్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ అనే రిపోర్టు ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో ఉచితమే, పన్నేమీ పడదు. ఇవ్వకపోతే జరిమానాలు మాత్రం గుండె ఆగేలా ఉంటాయి. అమ్మ దిండు కింద బాండ్ల కవరు తీసి లెక్కవేస్తే దాటింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

వేలిముద్రలకి ఏప్రిల్ మొదట్లో పిలిచారు. పదిహేను నిమిషాల పని. పర్మిట్ చేతికొచ్చేదాకా ఆగక్కర్లేదు, వేలిముద్రలైపోతే బయల్దేరొచ్చు. ఏప్రిల్ మధ్యలో మళ్ళీ తెనాలి.

ఆ తొమ్మిది నెలల గురించి పెద్దగా రాయను. అమ్మ పొద్దున్నే రబ్బరు బంతి నొక్కేది, నేను లెక్కపెట్టేదాన్ని. డాలస్‌కీ మాకూ వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. మా ఆయన ఆఫీసుకి బయల్దేరేటప్పుడు నేను అమ్మకి రాత్రి మందులు వేసేదాన్ని. భార్యాభర్తల మాటలు కూడా మెల్లగా కాగితాల చుట్టూ తిరగడం మొదలైంది. ఒకరోజు చాలా సంబరంగా ఫోన్ చేశాడు. "కరెంటు బిల్లులో నీ పేరు కూడా ఎక్కించా!" పెళ్ళిరోజుకి కూడా అంత హుషారుగా మాట్లాడలేదు. అద్దె అగ్రిమెంట్‌లో నా పేరు తీయించలేదు, హెల్త్ ఇన్సూరెన్స్ ఆపలేదు, బ్యాంకు ఖాతా అలాగే ఉంచాం. నేను అక్కడ లేకపోయినా నా సంసారం అక్కడే ఉందని చూపించేవి అవే.

నవంబర్లో పర్మిట్ వచ్చింది. వీడియోలో కవరు చింపాడు. పాస్‌పోర్టులా ఉండే పుస్తకం. "తేదీ చూడు" అన్నాను. 2025 ఏప్రిల్ అన్నాడు. రెండేళ్ళు ఇస్తారనుకున్నది ఐదు నెలలైంది. మామూలు కార్డు వాళ్ళకి రెండేళ్ళు ఇస్తారు. కండిషనల్ కార్డు వాళ్ళకి మాత్రం ఆ షరతులు తీయించుకోవాల్సిన తేదీ దాటి ఇవ్వరు. ఫారంతో పాటు వచ్చే సూచనల్లోనే ఉందది. నేనే ఆ పేజీ సరిగ్గా చదవలేదు.

2025 జనవరి చివర్లో తిరిగి వెళ్ళాను. తొమ్మిది నెలల పైన. ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఆఫీసర్ తేదీలు చూసి, ఏమీ అనకుండా నా పాస్‌పోర్టు ఒక కవర్లో పెట్టి పక్క గది చూపించాడు. దాన్నే సెకండరీ అంటారు. వరసగా కుర్చీలు, ఫోన్లు వాడొద్దని గోడకి బోర్డు.

నా పక్కన మనవాళ్ళే, పెద్ద దంపతులు. కొడుకు తెప్పించిన కార్డులట. పదకొండు నెలల తర్వాత వస్తున్నారు. ఆయన్ని ముందు పిలిచారు. ఎక్కడ ఉంటారు అని ఆఫీసర్ అడిగాడు. ఆయన కల్లాకపటం లేని మనిషి. "మై హౌస్ విజయవాడ. హియర్ సన్ హౌస్" అన్నారు. రిటర్న్ టికెట్ ఎప్పటికుందని అడిగితే మూడు వారాలకి అన్నారు. ఆఫీసర్ మర్యాదగానే మాట్లాడాడు. అయితే మీరు విజిటర్ వీసా తీసుకోవడం మేలు కదా అని ఒక కాగితం ఇచ్చి, ఆలోచించుకోమని కూర్చోబెట్టాడు. ఆయన అది పట్టుకుని నా వైపు చూశారు. పైన ఐ-407 అని ఉంది. రెసిడెన్సీని మనంతట మనమే వదులుకుంటున్నామని రాసిచ్చే ఫారం అది.

"సంతకం పెట్టాలంటావా అమ్మా?" అని అడిగారు.

"చదవకుండా పెట్టకండి బాబాయిగారూ. అది పెడితే కార్డు వదిలేసుకున్నట్టే. ఇష్టం లేకపోతే పెట్టనని చెప్పొచ్చు, జడ్జి ముందు చెప్పుకుంటామని అడగొచ్చు. ఆ హక్కు మీకుంది."

"మాకు నిజానికి అక్కడే బాగుంటుందమ్మా" అందావిడ మెల్లగా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈలోపు నా పేరు పిలిచారు. తర్వాత వాళ్ళేం చేశారో నాకు తెలియదు. వదులుకోవడం వాళ్ళకి సుఖమేనేమో కూడా. కాని తెలిసి వదులుకోవడం వేరు.

నన్నూ అదే అడిగారు, ఎక్కడ ఉంటారని. డాలస్ అన్నాను. మరి తొమ్మిది నెలలు? అమ్మ డిశ్చార్జి సమ్మరీ, డాక్టరుగారి లెటరు, అద్దె కాగితం, టాక్స్ రిటర్న్, ఆ ఐదు నెలల పర్మిట్ వరసగా ముందు పెట్టాను. ఆయన డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే తిరగేశాడు. ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు అన్నాడు. పిన్ని అన్నాను. ముద్ర వేసి, ఈసారి ఇంతకాలం ఉండకు అన్నాడు. నలభై నిమిషాలు పట్టింది. బయటికొచ్చాక మా ఆయన్ని చూసి ఏడ్చాను. అది ఎన్నాళ్ళకో కలిసినందుకా, ఆ టెన్షన్‌కా అని అడిగితే చెప్పలేను.

ఇక ఐ-751, అంటే ఆ షరతులు తీసి పదేళ్ళ కార్డు ఇమ్మని భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టుకునేది. కార్డు గడువు ముగిసే ముందు 90 రోజుల్లోపే వెయ్యాలి. ఫిబ్రవరిలో వేశాం, 750 డాలర్లు. ఈ పెళ్ళి నిజమైనదే, కాగితం కోసం చేసుకున్నది కాదని చూపించడం దాని సారాంశం. మామూలు జంటలు ఆల్బమ్ పెడతారు. మాకు గడిచిన ఏడాదిలో ఇద్దరం కలిసున్న ఫొటోలు పదకొండు. ఆయన రెండుసార్లు తెనాలి వచ్చాడు కదా, ఆ రెండు ట్రిప్పులవే. వాటిలో నాలుగింట్లో మధ్యలో వీల్ చెయిర్లో అమ్మ. వాటినే పెట్టాం. ఆయన బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టులో ముద్రలు, మా జాయింట్ ఖాతా నుంచి కట్టిన ఆసుపత్రి బిల్లులు, కాల్ లిస్టులు, ఇద్దరు స్నేహితుల అఫిడవిట్లు జతచేశాం. మెసేజ్‌లు ప్రింట్ తీద్దామని కూర్చుంటే తొంభై శాతం "తిన్నావా", "మందు వేశావా", "బిల్లు కట్టావా". ఇవేం పెడతాం అని ఆయన నవ్వాడు. ఇవే పెడదాం అన్నాను. సంసారం అంటే ఇంకేముంటుంది?

రసీదు నోటీసు వచ్చింది. పాత కార్డుతో కలిపి చూపిస్తే అది మరో 48 నెలలు చెల్లుతుంది. ఆ కాగితమే ఇప్పుడు నా కార్డు. దాన్ని మడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతాను, చిన్నప్పుడు టెన్త్ మార్కుల లిస్టు దాచినట్టు. 2025 సెప్టెంబర్లో మళ్ళీ అమ్మ దగ్గరికి వచ్చేటప్పుడు అది కూడా వెంట తెచ్చుకున్నాను. కార్డు మీద తేదీ అయిపోయింది కాబట్టి తిరుగు విమానం ఎక్కాలన్నా అదే చూపించాలి.

సిటిజన్‌షిప్ లెక్క మాత్రం దెబ్బతింది. సిటిజన్ భార్యకి మూడేళ్ళకే అప్లై చేసే వీలుంది, నాకు 2026 ఏప్రిల్‌కి నిండేవి. ఒకే విడతలో ఆరు నెలలు దాటి బయట ఉంటే ఆ మూడేళ్ళ కాపురం వరస తెగినట్టే అనుకుంటారు, తెగలేదని మనమే రుజువు చెయ్యాలి. రీ-ఎంట్రీ పర్మిట్ దానికి పనికిరాదు. పర్మిట్ లోపలికి రానివ్వడానికే గాని, రోజుల లెక్క కాపాడటానికి కాదు. ఇప్పుడొక నోట్‌బుక్ పెట్టుకున్నాను. బయల్దేరిన తేదీ, చేరిన తేదీ, మొత్తం రోజులు. ఎప్పటికైనా ఆ అప్లికేషన్లో ఇవన్నీ అడుగుతారు. ఒక విడతకి 150 రోజులు మించకూడదని నాకు నేనే గీత గీసుకున్నాను.

సెప్టెంబర్ 10న ఇంట్లో దిగేసరికి అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. మాట కొద్దికొద్దిగా వచ్చింది, ఒక్కో ముక్కా వెతుక్కుని అంటుంది. చెప్పులు విప్పకముందే అడిగింది.

"ఎన్ని... రోజులు?"

"నూట నలభై."

గోడ మీద క్యాలెండర్ ఇమ్మంది. ఎడమ చేత్తో పేజీలు ఒక్కొక్కటీ తిప్పి, కొత్త సంవత్సరానిది ఇంకా రాలేదని తెలిసి, డిసెంబర్ పేజీ అంచు దాటించి వేలు మంచం మీద దుప్పటి మీదికి జరిపింది.

"అంటే... సంక్రాంతికి... ఉంటావు" అంది.