కొలనుపాకలో తాళం వేసిన మఠం

ఆలేరు స్టేషన్‌లో దిగేసరికి తొమ్మిదిన్నర. కొలనుపాక అక్కడి నుంచి ఆరు కిలోమీటర్లే గానీ, షేర్ ఆటో నిండేదాకా డ్రైవర్ కదల్లేదు. నేను గొణుగుతుంటే అమ్మ కొబ్బరికాయల సంచి ఒళ్లో పెట్టుకొని, "తొందరేముంది బిడ్డా, సోమన్న యాడికి పోతడు" అన్నది.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు చాలామంది జైనమందిరం చూసి వెనక్కి తిరుగుతారు. మేమూ ముందు అక్కడికే వెళ్లాం. ఆదినాథుణ్ని ఇక్కడ మాణిక్యదేవుడంటారు. 130 సెంటీమీటర్ల ఎత్తున్న పచ్చరాతి మహావీరుడు కూడా ఇక్కడే. బాగుంది, కాదనను. కానీ జీర్ణోద్ధరణ అయిన గుడి కదా, అంత నునుపులో పాతదనం నా కంటికి ఆనలేదు.

అమ్మకు అసలు యాత్ర సోమేశ్వరాలయం. వీరశైవుల పంచాచార్యుల్లో ఒకరైన రేణుకాచార్యుడు ఈ లింగం నుంచే పుట్టాడని నమ్మకం. కల్యాణి చాళుక్యుల కాలంలో అప్పటి పేరు కొల్లిపాక; కొల్లిపాక-7000 అనే పెద్ద నాడుకు, అంటే పాలనా ప్రాంతానికి, ఈ ఊరే కేంద్రం. రాజేంద్ర చోళుడి తమిళ శాసనాలు తాను గెలిచిన చోట్లలో దీన్నీ లెక్కేసి, గోడల చుట్టూ సుళ్లి చెట్లున్న కొల్లిపాక అని చెప్పుకున్నాయి. ఇప్పుడు ఆటో దిగితే ఎదురయ్యేది టీకొట్టు.

దర్శనమయ్యాక గుడి ఆవరణలోనే ఉన్న మ్యూజియం చూశాం. చుట్టుపక్కల దొరికిన శిల్పాలన్నీ అక్కడికి చేర్చారు. లోపలి మూలల్లో వెలుతురు చాలక ఫోన్ టార్చి వేశాను. ఒక వీరగల్లు, అంటే పోరులో పడిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, దాని దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కింది అరలో కత్తి ఎత్తిన వీరుడు, నడిమి అరలో అతణ్ని చెరోవైపు పట్టుకొని పైకి తీసుకుపోతున్న అప్సరసలు, పై అరలో లింగం ముందు చేతులు జోడించి అతనే. ముఖం అరిగిపోయింది, కాలి కడియం మాత్రం గీత గీతగా తెలుస్తోంది. ఎవరో దానికి కుంకుమ బొట్టు పెట్టారు. మ్యూజియంలో అలా చేయకూడదు నిజమే, అయినా నాకు కోపం రాలేదు.

తల లేని ఒక తీర్థంకరుడి ముందు అమ్మ నిలబడింది. "మఠమేసుకొని కూసున్నడు, ఎవరీ స్వామి?" చెప్పాను. శివుడి గుడిలో జైనస్వామేంటని అడగలేదు, దండం పెట్టి ముందుకు నడిచింది.

ఇక మఠాలు. కొలనుపాకలో కులానికో మఠం ఉంటుంది. జాతరకొచ్చిన వాళ్లు తమ తమ మఠాల్లో దిగేవాళ్లట. మా తాత ఎడ్లబండి కట్టుకొచ్చి మావాళ్ల మఠంలోనే రెండు రాత్రులు పండుకున్న సంగతి అమ్మ చిన్నప్పటి నుంచీ చెబుతోంది. ముగ్గుర్ని అడిగి, రెండు సందులు తప్పి, చివరికి పట్టుకున్నాం. తలుపుకు తాళం. తాళంచెవి ఉన్నాయన పొలానికి పోయాడట, ఫోన్ ఎత్తలేదు. తలుపు సందులోంచి చూస్తే చీకట్లో ఓ చిన్న లింగం, దాని పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చిన వడ్ల బస్తాలు.

అరగంట కూర్చున్నాం. రైలుకు టైమవుతోంది. అమ్మ గడపకు పసుపు రాసి, పది రూపాయల నోటు మడిచి తలుపు కిందినుంచి లోపలికి తోసింది. అది సగం లోపల, సగం బయట ఇరుక్కుంది. నేను చీపురుపుల్ల వెతికి తెచ్చి మిగతా సగం తోశాను.