పాత రైఫిల్ పౌడర్లు: డబ్బా మీది నంబరు ఒక్కటే చాలదు

3031, 4064, 4350, 4895. రైఫిల్ తూటాలు సొంతంగా లోడ్ చేసుకునేవాళ్లకు ఈ నంబర్లు కొత్త కాదు. డ్యూపాంట్ కంపెనీ ‘ఇంప్రూవ్డ్ మిలిటరీ రైఫిల్’ అని పేరు పెట్టిన, పొట్టిగా ఐఎంఆర్ అనే వరసలోవి ఇవి. నాలుగూ రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికే ఉన్నాయి. ఎండకీ చలికీ అంతగా మారని కొత్త పౌడర్లు వచ్చాక వీటి పని అయిపోయిందనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. .308, .30-06 అనే తూటా రకాల్లో మధ్యరకం బరువు బుల్లెట్‌కి 4064ని పక్కన పెట్టాల్సిన అవసరం ఇప్పటికీ లేదు. కాకపోతే ఆ పౌడర్ ఎవరు చేశారో, ఏ లాటో (ఏ విడత తయారీయో), ఇన్నాళ్లూ ఎలా నిలవ ఉందో తెలిశాకే మూత తీయాలి.

ముందు నంబర్ల తికమక చూద్దాం. యుద్ధం అయ్యాక అమెరికా ప్రభుత్వం వదిలించుకున్న మిగులు పౌడర్‌ను బ్రూస్ హాజ్‌డన్ కొని చిల్లరగా అమ్మాడు. మొదట 4895, తర్వాత 4831. అప్పటి లోడింగ్ పుస్తకాల్లో ముందు ఏ అక్షరమూ లేకుండా ‘4831’ అని ఉంటే అది ఈ మిగులు పౌడరే. 1970లలో డ్యూపాంట్ ఐఎంఆర్ 4831 అని సొంతంగా తెచ్చింది. అది హాజ్‌డన్ హెచ్4831 కన్నా కొంచెం వేగంగా కాలుతుంది. పాత పుస్తకంలోని గరిష్ట ఛార్జ్‌ను (ఒక తూటాలో వేసే పౌడర్ బరువును) ఐఎంఆర్ 4831తో నింపితే ఒత్తిడి హద్దు దాటుతుంది. 2003 నుంచి ఐఎంఆర్ పేరు కూడా హాజ్‌డన్ చేతికే వచ్చింది కాబట్టి రెండు డబ్బాలూ ఒకే కంపెనీవి, లోపలి సరుకు మాత్రం వేరు. 4895కీ ఇదే వర్తిస్తుంది: హెచ్4895, ఐఎంఆర్ 4895 అన్నదమ్ములే గానీ ఒకదాని లెక్క రెండోదానికి పనికిరాదు.

ఒక్క హెచ్4895కే ఉన్న వెసులుబాటు ఒకటుంది. ప్రస్తుత మాన్యువల్‌లో ఆ పౌడర్‌కి ఇచ్చిన గరిష్ట ఛార్జ్‌లో 60 శాతానికి (అంతకన్నా కిందికి కాదు) తగ్గించి మెత్తటి లోడ్లు చేసుకోవచ్చని తయారీదారే చెబుతాడు. అది చూసి 4831 లాంటి నెమ్మది పౌడర్‌ను కూడా అలా తగ్గించకండి. సగం ఖాళీ కేసులో (తూటా ఇత్తడి గొట్టంలో) నెమ్మది పౌడర్ సరిగా అంటుకోక, ఒత్తిడి అనుకోకుండా ఎగసిన సందర్భాలున్నాయి. గ్యాస్ ఒత్తిడితో తనంతట తానే తూటా ఎక్కించుకునే పాత సైనిక రైఫిల్ ఎం1 గరాండ్ ఉన్నవాళ్లకు మరో హద్దు ఉంది. దానికి 4895, 4064 సరిపోతాయి. 4350 అంత నెమ్మదైనది వాడితే బారెల్ గ్యాస్ బయటికొచ్చే రంధ్రం (గ్యాస్ పోర్ట్) దగ్గర ఒత్తిడి పెరిగి, బోల్ట్‌ను కదిపే ఆపరేటింగ్ రాడ్ వంగుతుంది.

ఇక కొలత. పాత ఐఎంఆర్ పలుకులు పొడుగు, 4064వి మరీను. పౌడర్‌ను కొలిచి వదిలే పరికరం, పౌడర్ మెజర్, డ్రమ్ తిప్పేటప్పుడు పలుకులు అంచుకి అడ్డుపడి ‘కరక్’మని తెగుతాయి, ఒక్కో విసురుకీ బరువు మారుతుంది. మెజర్‌ను అసలు ఛార్జ్ కన్నా అర గ్రెయిన్ (పౌడర్ తూచే చిన్న బరువు) తక్కువకు పెట్టి, స్కేల్ పళ్లెంలోకి వేసి, మిగతాది ట్రిక్లర్ అనే చిన్న పరికరంతో పలుకు పలుకుగా రాల్చడమే దీనికి మందు. మొదలుపెట్టే ముందు వేయబోయే ఛార్జ్‌కి దగ్గర బరువున్న చెక్ వెయిట్‌తో స్కేల్ సరిచూడండి. ఎలక్ట్రానిక్ స్కేల్ అయితే ఫ్యాన్ ఆపండి.

.223 లాంటి సన్న మెడ కేసుల్లో ఇంకో బెడద ఉంది. పొడుగు పలుకులు ఫన్నెల్ గొంతులో అడ్డంగా ఇరుక్కుంటాయి. ఒక కేసులో సగమే పడుతుంది, ఇరుక్కున్నది తర్వాతి కేసులోకి జారి అది పొంగిపోతుంది. అందుకే బుల్లెట్ పెట్టేముందు కేసులన్నీ బ్లాక్‌లో నిలబెట్టి, టార్చ్ వేసి మట్టం చూడాలి. ఎక్కువ తక్కువ కనబడితే ఆ కేసు ఖాళీ చేసి మళ్లీ తూచాలి. ఛార్జ్ మెడ దాకా వస్తుంటే పొడుగాటి డ్రాప్ ట్యూబ్ గుండా నెమ్మదిగా పోయండి, పలుకులు సర్దుకుని మట్టం దిగుతుంది.

కొత్త లాట్ డబ్బా తెరిచినప్పుడల్లా గరిష్టం నుంచి 10 శాతం వెనక్కి వెళ్లి మొదలుపెట్టండి. .30-06 పరిమాణం కేసుకి అర గ్రెయిన్ చొప్పున, .223కి 0.2 గ్రెయిన్ చొప్పున పెంచుతూ ఒక్కో మెట్టుకి మూడు నుంచి ఐదు తూటాలు చాలు. ఒక పౌండుకి 7000 గ్రెయిన్లు. 45 గ్రెయిన్ల ఛార్జ్ అయితే డబ్బాకి 155 తూటాలు, కాబట్టి ఈ పరీక్షకి పోయేది కొంచెమే. మిలిటరీ కేసుల గోడలు మందంగా, లోపలి చోటు తక్కువగా ఉంటుంది. అదే ఛార్జ్‌కి ఒత్తిడి ఎక్కువ వస్తుంది, వాటికి మెట్లు విడిగా ఎక్కాలి.

బోల్ట్ బిగుసుకోవడం, ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న మూత) చదునవడం, కేసు అడుగున ఎజెక్టర్ (కేసును బయటికి నెట్టే భాగం) గుర్తు మెరవడం లాంటి అధిక ఒత్తిడి సూచనల కోసం ఎదురుచూస్తూ పెంచుకుంటూ పోవడం తెలివితక్కువ పని. అవి కనబడేసరికే హద్దు దాటి ఉంటారు. బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందే చెబుతుంది: మాన్యువల్‌లోని గరిష్ట వేగం తక్కువ ఛార్జ్‌కే వచ్చేసిందంటే, బారెల్ పొడవు ఒకటే అయినప్పుడు, ఒత్తిడి కూడా వచ్చేసినట్టే. పైగా ఈ పాత ఐఎంఆర్ పౌడర్లు వేడికి మారతాయి. చలికాలంలో అంచు దాకా తీసుకెళ్లిన లోడ్ ఎండాకాలంలో అంచు దాటుతుంది. ఎండ రోజుల్లో పరీక్షించి, అక్కడే కొంచెం వెనక్కి ఆగండి. కాల్పులతో వేడెక్కిన ఛాంబర్‌లో తూటా పెట్టి కబుర్లలో పడొద్దు.

సైన్యం మిగులు బాల్ (గుండ్రటి పలుకుల) పౌడర్లు, అంటే డబ్ల్యూసీ 844, 846 లాంటివి, చవకగా దొరుకుతాయి గానీ కాలే వేగం లాట్ నుంచి లాట్‌కి బాగా మారుతుంది. చిల్లర డబ్బాల్లోని పౌడర్‌ను పుస్తకం లెక్కలకి సరిపోయేలా కలిపి సరిచేస్తారు, మిగులు సరుకుకి ఆ పని జరగదు. 844ని హెచ్335 లెక్కతో, 846ని బీఎల్-సి(2) లెక్కతో మొదలుపెట్టడం వాడుక. అది కూడా ప్రారంభ ఛార్జ్ నుంచే. పేరు లేని సీసాలో ‘ఇది 4895లా ఉంది’ అని ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. పౌడర్‌ను రంగు, ఆకారం చూసి గుర్తుపట్టలేం.

మూత సంగతి చాలామంది పట్టించుకోరు. పొడి గాలిలో తెరిచి ఉంచిన పౌడర్ తేమ కోల్పోయి ఇంకా వేగంగా కాలుతుంది. మెజర్ హాపర్‌లో రాత్రంతా వదలకండి, పని అయ్యాక అదే డబ్బాలోకి తిప్పి పోయండి. బల్ల మీద ఒకసారికి ఒకే పౌడర్ ఉండాలి.

నైట్రోసెల్యులోజ్ తనంతట తానే మెల్లగా విరిగిపోతూ ఆమ్లం వదులుతుంది. దాన్ని పీల్చుకునేందుకు డైఫినైలమైన్ లాంటి స్థిరీకరణి కలుపుతారు. చల్లని, పొడి చోట అది దశాబ్దాలు వస్తుంది, వేడి షెడ్డులో త్వరగా అయిపోతుంది. మంచి పౌడర్‌కి ఈథర్, ఆల్కహాల్ తరహా వాసన ఉంటుంది. పాడైనది ఘాటుగా, పుల్లగా ముక్కుకి కొడుతుంది, ఎర్రటి గోధుమరంగు దుమ్ము రాలుస్తుంది, రేకు డబ్బా లోపల తుప్పు పట్టిస్తుంది. ఈ గుర్తుల్లో ఒక్కటి కనబడినా ఆ డబ్బాను ఇంట్లో ఉంచకండి, బాగా పాడైన పౌడర్ దానంతట అదే వేడెక్కి అంటుకోగలదు. అందులోంచి ఇదివరకే నింపిన తూటాలుంటే ఒకటి రెండు విప్పి చూడండి. బుల్లెట్ అడుగున పచ్చటి చిలుము పట్టి, పలుకులు ముద్దకట్టి ఉంటే ఆ పెట్టె మొత్తం విప్పాలి. ఆమ్లం తిన్న ఇత్తడి పెళుసుబారుతుంది, ఆ కేసులు కూడా తుక్కులోకే.